సర్వర్ దూరాన, ప్రింటర్ దగ్గర



సంతకం ఒకచోట, పని మరొకచోట జరగడం మా యానాం వాళ్లకు కొత్తేమీ కాదు. చుట్టూ గోదావరి పల్లెలు, ముప్పై కిలోమీటర్ల దూరంలో కాకినాడ. పరిపాలనా కేంద్రమైన పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. ఇప్పుడు చాలా కార్యాలయాల్లో కంప్యూటర్ల ఏర్పాటు కూడా ఇలాగే ఉంటోంది. బల్ల మీద మనకు కనిపించేది తెర, మీటలు, ఎలుక మాత్రమే. అసలు ప్రోగ్రామ్ నడిచేది ఎక్కడో ఉన్న పెద్ద యంత్రంలో. దాన్ని రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ అంటారు. పదిమందో ఇరవైమందో ఒకేసారి ఆ ఒక్క యంత్రంలోనే కూర్చున్నట్లు లెక్క. కాగితం మాత్రం మన పక్కనున్న ప్రింటర్ నుంచే రావాలి. చిక్కంతా అక్కడే.

ప్రింటర్‌కు కంప్యూటర్ భాష అర్థం కాదు. మధ్యలో ఒక దుబాసి కావాలి. దుబాసి అంటే పుదుచ్చేరితో పరిచయమున్న వారికి ఆనంద రంగ పిళ్లై పేరు గుర్తుకొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు ప్రధాన దుబాసిగా ఉన్నవాడు ఆయన. ప్రింటర్ డ్రైవర్ చేసేది కూడా ఆ పనే. దుబాసి తప్పు చెబితే దొరా, రైతూ ఇద్దరూ నష్టపోతారు కదా! రెండు భాషలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ పోలిక నాకు మరీ దగ్గర.

2023 జూన్‌లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఒక కార్యాలయంలో పాత ప్రింటర్ చెడిపోతే కొత్తది కొన్నారు. దానితో వచ్చిన డ్రైవర్‌ను సర్వర్‌లోనే ఎక్కించమని అక్కడి కుర్రవాడికి ఫోన్ చేశారు. అతను ఎక్కించాడు. అరగంటలో ఈ కార్యాలయంలోనే కాదు, అదే సర్వర్ మీద పనిచేసే మిగతా చోట్ల కూడా ప్రింటింగ్ ఆగిపోయింది. బడిలో కంప్యూటర్లు చూస్తానని నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి వరండాలో ఒక తండ్రీ కూతురూ నిలబడి ఉన్నారు. ఆయన వేట మానుకుని వచ్చాడు. "మాస్టారండీ, నాలుగు గంటల్లోపు పాప టీసీ కాకినాడ కాలేజీలో ఇవ్వాలంటండి" అన్నాడు. అప్పటికి పదకొండున్నర.

సర్వర్‌లో అచ్చు పనులను వరుసలో నిలబెట్టి పంపే సేవను స్పూలర్ అంటారు. వేరుగా ఉంచకపోతే డ్రైవర్లు ఆ స్పూలర్ లోపలే పనిచేస్తాయి. ఒక్క డ్రైవర్ కుప్పకూలితే స్పూలర్ కూడా కూలిపోవచ్చు. అప్పుడు అందరి పనీ ఆగిపోతుంది. సొంత కంప్యూటర్‌లో అయితే నష్టం ఒక్కరిది. ఉమ్మడి సర్వర్‌లో ఒకరి డ్రైవర్ అందరిదీ అవుతుంది. కాబట్టి అవసరమైనవాడు అవసరమైనప్పుడు అప్‌డేట్ చేసుకోవడం అక్కడ పనికిరాదు.

ఆ కుర్రవాడు స్పూలర్‌ను నాలుగుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు నడిచి ఆగిపోయేది. కారణం చిన్నదే. ఆగిపోయిన పని వరుసలో అలాగే ఉంది. స్పూలర్ లేవగానే దాన్ని అదే డ్రైవర్‌కు అందిస్తోంది, అది మళ్లీ కూలిపోతోంది. ఇలాంటప్పుడు ముందు స్పూలర్‌ను ఆపాలి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్ 32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో మిగిలిన ఫైళ్లను తీసివేసి, ఆ తర్వాతే స్పూలర్‌ను లేపాలి. వరుసలో ఉన్న అందరి పనులూ పోతాయి కనుక ముందుగా వారికి చెప్పడం మర్యాద. పిమ్మట కొత్త డ్రైవర్‌ను, దాని ప్యాకేజీతో సహా తొలగించాలి. "వాడుకలో ఉంది, తీయడం కుదరదు" అని మొండికేస్తే, స్పూలర్‌ను మరోసారి ఆపి లేపిన వెంటనే తీయడానికి ప్రయత్నించాలి.

అయితే డ్రైవర్ తీసేస్తే ప్రింటర్ ఎలా పనిచేస్తుందని మీరు అడగవచ్చు. 2008 నాటి విండోస్ సర్వర్‌తో ఈజీ ప్రింట్ అనే సౌకర్యం వచ్చింది. సర్వర్ పుటను ఒక సామాన్య రూపంలో తయారు చేసి మన బల్ల మీది కంప్యూటర్‌కు పంపుతుంది. ఇక్కడి డ్రైవరే దాన్ని అచ్చు వేస్తుంది. సర్వర్‌లో ఆ ప్రింటర్ డ్రైవర్ ఉండనవసరం లేదు. దుబాసి మన ఊళ్లోనే ఉంటాడన్నమాట. ఇది సర్వర్‌లో మొదటి ఎంపికగా ఉందో లేదో గ్రూప్ పాలసీలో చూసుకోవాలి. అది లేకుండా పాత పద్ధతిలో వెళితే ఇక్కడి డ్రైవర్ పేరు, అక్కడి పేరు సరిపోలాలి. లేకపోతే ప్రింటర్ కనిపించదు, సర్వర్ ఈవెంట్ పుస్తకంలో 1111 అనే సంఖ్యతో ఫిర్యాదు నమోదవుతుంది. రసీదులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ యంత్రాలకు మాత్రం ఈజీ ప్రింట్ అంతగా నప్పదు, నత్తనడక నడుస్తుంది. అలాంటి వాటికి సర్వర్‌లో డ్రైవర్ తప్పనిసరైతే దాన్ని ఐసొలేషన్‌లో, అంటే స్పూలర్‌కు బయట వేరే గదిలో ఉంచవచ్చు. 2008 ఆర్‌2 నుంచి ఈ వీలు ఉంది, డ్రైవర్ కూడా అందుకు అనువైనదై ఉండాలి.

మరొక ఫిర్యాదు తరచు వింటాను. "ఇదివరకు మేమే డ్రైవర్ వేసుకునేవాళ్లం, ఇప్పుడు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతోందండీ" అని. దానికి కారణముంది. 2021 వేసవిలో స్పూలర్‌లో పెద్ద లోపం బయటపడింది. ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు. డ్రైవర్ వేషంలో దొంగ ప్రోగ్రామ్‌ను సర్వర్‌లోకి ఎక్కించి దాన్ని పూర్తిగా వశం చేసుకునే వీలు కలిగింది. మైక్రోసాఫ్ట్ జూలైలో అత్యవసరంగా సవరణ ఇచ్చింది. ఆగస్టు 10న వచ్చిన సవరణతో డ్రైవర్ ఎక్కించడం, మార్చడం అడ్మినిస్ట్రేటర్‌కే పరిమితమైంది. ఈ కాపలాను రిజిస్ట్రీలో తీసేసే చిట్కా ఒకటి చేతులు మారుతోంది. దాని జోలికి పోకండి. పాస్‌వర్డ్ కోసం ఒక ఫోన్ చేయడం నామోషీ కాదు.

తెలుగు పత్రాల విషయంలో ఒక మాట. అక్షరాలకు బదులు గళ్లు వచ్చినా, వేరే గుర్తులు వచ్చినా వెంటనే డ్రైవర్‌ను తిట్టకండి. పత్రం తయారయ్యేది సర్వర్‌లో కాబట్టి తెలుగు ఫాంటు అక్కడ ఉండాలి, మన కంప్యూటర్‌లో ఉంటే చాలదు. అలా కాక పుట తర్వాత పుట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలతో వస్తుంటే మాత్రం అది డ్రైవర్ తప్పే అనుకోవచ్చు, ప్రింటర్‌కు తెలియని భాషలో మాట్లాడుతోంది.

అప్‌డేట్ చేయక తప్పనప్పుడు ముందు వేరే యంత్రంలో ఒక తెలుగు పుట, ఒక ఇంగ్లీషు పుట, ఒక బొమ్మ అచ్చు వేసి చూడండి. పాత డ్రైవర్ ఫైళ్లను దాచుకోండి. జూన్‌లో వద్దు, పరీక్షల నెలలో అసలే వద్దు. మార్చిన తేదీ, డ్రైవర్ వెర్షన్ ఒక నోటు పుస్తకంలో రాసి సర్వర్ దగ్గర ఉంచండి. ఆ రోజు మాకు గంటకు పైగా పట్టింది ఏ డ్రైవర్ కొత్తదో తెలుసుకోవడానికే.

టీసీ ఒకటీ ఇరవైకి వచ్చింది. ఇంకు ఆరకముందే ముద్ర వేశారు. ఆ పిల్ల కాగితాన్ని మడవకుండా అట్ట మధ్య పెట్టుకుంది, తండ్రి కాకినాడ బస్సు కోసం అప్పటికే పరుగెత్తాడు.