ధనియాల గురించి ఉన్నది ఉన్నట్టు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ధనియాల మీద మాట్లాడమని సమాఖ్య మాకు చెప్పింది. మా సంఘంలో పది మందిమి ఉన్నాం. పదో తరగతికి మించి చదివినవాళ్ళు మాలో లేరు. అయితే మాది నల్లరేగడి నేలల ఊరు. వానలు వెనకబట్టాక భూమిలో మిగిలిన తేమ మీదనే శనగ, ధనియాలు పండించుకుంటాం. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తితే సంక్రాంతి దాటాక కోతకొస్తాయి. రెండేళ్ళుగా మేము ఆ ధనియాలనే కొని, పొడి కొట్టించి, ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నాం. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు మమ్మల్ని ఎన్నో అడుగుతుంటారు. మాకు తెలిసినవి చెప్పాం, తెలియనివి ఆయుర్వేదం చదివిన డాక్టరమ్మ గారిని అడిగి తెలుసుకున్నాం. అవే ఈరోజు మీ ముందు పెడుతున్నాం.

అందరూ అడిగే మొదటి ప్రశ్న: ధనియాలు వేడా, చలువా?

మా సంఘంలోనే దీని మీద రెండు పార్టీలు ఉండేవి. ఎండాకాలం ధనియాల నీళ్ళు తాగితే ఒళ్ళు చల్లబడుతుందని కొందరు, జలుబుకి శొంఠి ధనియాల కషాయం ఇస్తాం కాబట్టి వేడేనని కొందరు. డాక్టరమ్మ గారు నవ్వి, ఇద్దరూ చెప్పిందీ శాస్త్రంలో ఉందమ్మా అన్నారు. చరక సంహితలో మందు దినుసులను పదేసి చొప్పున యాభై గుంపులు చేశారట. దప్పిక తగ్గించే గుంపులో ధనియాలు ఉన్నాయి. చలిని పోగొట్టే గుంపులో కూడా ఉన్నాయి. 16వ శతాబ్దంలో రాసిన భావప్రకాశలో ధనియాలది వేడి గుణమే అని రాసి, అయినా అరిగాక తియ్యదనంగా మారి ఒంట్లో మంటను, దప్పికను, వాంతిని తగ్గిస్తాయని కూడా రాశారు. పచ్చి కొత్తిమీర అయితే పైత్యానికి ఇంకా మంచిదట.

మనకు అర్థమయ్యేటట్టు చెప్పుకోవాలంటే, దినుసు ఒకటే, వాడే పద్ధతిని బట్టి పని మారుతుంది. చల్లటి నీళ్ళలో నానబెడితే ఒక పని, శొంఠి వేసి మరిగిస్తే ఇంకో పని. మన అమ్మలు, అత్తలు పుస్తకం చూడకుండానే ఇది చేస్తూ వచ్చారు.

నానబెట్టే పద్ధతి ఇది. శార్ఙ్గధర సంహితలో దీన్ని హిమం అంటారు. ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, ఒక వంతు ధనియాలకు ఆరు వంతుల నీళ్ళు పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే వడకట్టి, చక్కెర కలిపి తాగమని చెప్పారు. ఒంటి లోపలి మంటకు, దాహానికి ఇది. మనం ఇంట్లో అంత చిక్కగా చేసుకోనక్కరలేదు. రెండు చెంచాల ధనియాలు దంచి ఒక గ్లాసు నీళ్ళలో వేస్తే చాలు. కాచి చల్లార్చిన నీళ్ళు పోయండి, మూత పెట్టండి. పొద్దున వడకట్టి కొద్దిగా పటికబెల్లం వేసుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు తీపి వేసుకోకూడదు. ఏ రోజువి ఆ రోజే తాగాలి, మిగిలితే పారబోయాలి.

ఎండలో కలుపు తీసే మనకు, ఉపాధి పనికి పోయే మనకు ఇది పనికొస్తుంది. ధనియాలు మూత్రాన్ని జారీ చేస్తాయని కూడా శాస్త్రంలో ఉంది. పనిచోట చాటు ఉండదని మనలో చాలామంది నీళ్ళు తాగడమే మానేస్తారు. సాయంత్రానికి మూత్రంలో మంట. ఆ మంటకు ముందు కావలసింది నీళ్ళు. ధనియాల నీళ్ళ పేరు చెప్పి అయినా రెండు గ్లాసులు ఎక్కువ తాగితే మంచిదే. కానీ మంటతో పాటు జ్వరం, చలి, నడుం నొప్పి ఉన్నా, మూత్రంలో రక్తం కనిపించినా, గర్భిణీ అయినా, ఇంట్లో ఏదో తాగుతూ కూర్చోకూడదు. ఆ రోజే పీహెచ్‌సీకి పోవాలి.

మరిగించే పద్ధతి మీకు తెలిసిందే. రెండు చెంచాల ధనియాలు, చిన్న శొంఠి ముక్క దంచి, రెండు గ్లాసుల నీళ్ళలో వేసి ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించాలి. తిన్నది అరగక పొట్ట బరువుగా ఉన్నప్పుడు, వానాకాలం ముసురులో ఒళ్ళు ముడుచుకున్నప్పుడు గోరువెచ్చగా తాగుతాం. ఆయుర్వేదంలో ధాన్యపంచకం అనే కషాయం ఉంది. ధనియాలు, శొంఠి, తుంగముస్తలు, కురువేరు, మారేడు కలిపి చేస్తారు. అరగక అయ్యే విరేచనాలకు వైద్యులు ఇస్తారు. అది వైద్యుల చేతి మందు, మనం కొలతలు వేసుకునేది కాదు. పసిపిల్లలకు విరేచనాలు అవుతుంటే మాత్రం కషాయాల జోలికి పోకండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి తాగిస్తూ, ఏఎన్‌ఎం గారికి గానీ ఆశా అక్కకు గానీ చెప్పండి.

వంటలోకి వస్తే, రోజూ తినే కూరలో చెంచా ధనియాల పొడి, చారులో గుప్పెడు కొత్తిమీర, ఇదే మనకు అలవాటైన మందు. జ్వరం తగ్గి నోరు చప్పగా ఉన్న మనిషికి ధనియాల చారు పెట్టి చూడండి, నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు. రుచి పుట్టించడం కూడా ధనియాల గుణంగా శాస్త్రంలో రాశారు. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, కందిపప్పు కొద్దిగా వేయించి పొడి కొట్టి, చింతపండు పులుసులో వేసి ఒక్క పొంగు రానిస్తే చాలు. ఎక్కువ మరిగిస్తే వాసన పోతుంది. కొత్తిమీర కూడా అంతే. పొయ్యి ఆపేముందు వేయాలి. అందులో ఉన్న సి విటమిన్ వేడికి నిలవదు. కాడలు పారేయకుండా పచ్చడిలో వేసుకోండి.

ఆకు కొనేటప్పుడు, కడిగేటప్పుడు జాగ్రత్త. మురుగునీటి పక్కన పెంచిన ఆకు, నిన్న మందు కొట్టిన ఆకు చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. వేర్లు కోసి, విడదీసి, రెండు మూడు నీళ్ళలో కడగాలి. వీలైతే పెరట్లోనే వేసుకోండి. ఒక్కో ధనియంలో రెండు పప్పులుంటాయి. చెప్పుతోనో చెక్కతోనో నలిపి రెండుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి చల్లితే బాగా మొలుస్తాయి. నలభై రోజుల లోపే ఆకు చేతికొస్తుంది. పగిలిన బక్కెట్ అయినా చాలు, అడుగున చిల్లులు పెట్టండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెబుతాం.

పక్క ఊరి సంఘంలో ఒక అక్కకు థైరాయిడ్ ఉంది. రోజూ మాత్ర వేసుకునేది. ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూసి, ధనియాల నీళ్ళు తాగితే మాత్ర అక్కరలేదని నమ్మి, మాత్ర ఆపేసింది. నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బింది, పొద్దస్తమానం నిద్రమత్తు, పొలం పనికి పోలేని స్థితి. పట్నంలో చూపించుకోవడానికి సంఘం నుంచి అప్పు తీసుకోవలసి వచ్చింది. మాత్ర మళ్ళీ మొదలుపెట్టాక కోలుకుంది. ఆ అప్పు మాత్రం ఇంకా కడుతూనే ఉంది. ధనియాల నీళ్ళు ఆమెకు చెరుపు చేయలేదు. మాత్ర ఆపడమే చెరుపు చేసింది. షుగర్, బీపీ, థైరాయిడ్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు కొత్తిమీర రసం గ్లాసులకొద్దీ తాగకూడదు, అందులో ఉన్న కె విటమిన్ ఆ మాత్రకు అడ్డు పడుతుంది. కూరలో వేసుకునేంత అయితే భయం లేదు. గర్భిణీలు కూడా వంటలో వాడేంతకే ఆగాలి.

ఈ సంగతి తెలిసిన కొన్నాళ్ళకే పట్నంలో ఒక షాపాయన మమ్మల్ని పిలిచాడు. వారానికి వంద ప్యాకెట్లు తీసుకుంటానన్నాడు. ఒకటే షరతు, ప్యాకెట్ మీద "షుగర్, థైరాయిడ్ తగ్గును" అని వేయాలి. మేము కూర్చుని మాట్లాడుకున్నాం. అందరూ వేసుకుంటున్నారు కదా, మనం వేస్తే ఏమైంది అని ఇద్దరు గట్టిగానే అన్నారు. తప్పు లేదు, వాళ్ళ ఇంటి అవసరాలు అలాంటివి. ఆ అక్క అప్పు సంగతి అందరికీ తెలుసు కాబట్టి, మాట అక్కడితో ఆగింది. చట్టం కూడా ఒప్పుకోదు. ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం, ఆ జబ్బుల్లో షుగర్ ఉంది. తినే వస్తువు జబ్బును నయం చేస్తుందని ప్యాకెట్ మీద వేయడాన్ని ఆహార భద్రత నియమాలు కూడా ఒప్పుకోవు. మేము వేయలేదు. ఆ ఆర్డరు పోయింది. వారానికి వంద ప్యాకెట్లంటే మాకు చిన్న లెక్క కాదు, అది కూడా చెప్పాలి.

దాని బదులు పొడిని బాగు చేసుకోవడం మీద పడ్డాం. కాయ పూర్తిగా గోధుమరంగు తిరగకముందే, పసుపు రంగు పట్టినప్పుడే కోసిన పంట కొంటున్నాం. నీడలో ఆరబెడతాం. చేటతో చెరిగి పుల్ల, రాయి ఏరతాం. సన్న సెగ మీద వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారాకే మర పట్టిస్తాం. ధనియాల గుణమంతా ఆ వాసన నూనెలో ఉంది, వేడికి అది ఎగిరిపోతుంది. అందుకే రెండు నెలలకు సరిపడానే పడతాం. ప్యాకెట్ మీద మా సంఘం పేరు, తూకం, ధర, తయారైన తేదీ, ఎన్నాళ్ళలోపు వాడాలో, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు వేస్తాం. అంతే.

బజారులో కొన్న పొడిని మీరే పరీక్షించుకోవచ్చు. గ్లాసు నీళ్ళ మీద చెంచా పొడి చల్లండి. తవుడు, రంపపు పొట్టు కలిసి ఉంటే పైన తేలుతాయి. మా పొడిని కూడా అలాగే చల్లి చూపించి అమ్ముతున్నాం. ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. పోయిన వంద ప్యాకెట్లు ఇంకా పూడలేదు, కానీ సగం దాకా వచ్చాం.

సమాఖ్య ముందు మా కోరిక ఒకటుంది. మన మండలంలో పచ్చళ్ళు, పొడులు, కషాయం పొడులు చేసే సంఘాలన్నీ ఏ ప్యాకెట్ మీదా జబ్బు పేరు వేయకూడదని ఈ సభలో తీర్మానం చేయాలి. ఒక సంఘం కాదంటే ఇంకో సంఘం దగ్గరకు పోయే షాపులు ఉన్నాయి. అందరం ఒక్క మాట మీద ఉంటే ఆ షాపులే మన పొడి మంచితనం చూసి కొంటాయి. కొనేది కూడా మనలాంటి ఆడవాళ్ళే కదా. వాళ్ళ వంటింట్లోకి మన చేతి ధనియాలు పోతున్నాయి, వాళ్ళ మాత్రల డబ్బా జోలికి మాత్రం పోకూడదు.

బయట మా బల్ల దగ్గర ధనియాల చారు పెట్టాం. తాగి, ఎలా ఉందో చెప్పి వెళ్ళండి. సెలవు.