భయాన్ని ఇంటికి మోసుకుపోవద్దు
(సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించి, పని భారం గురించి మాట్లాడవలసినవాళ్లు మాట్లాడారు. తీర్మానాలు అయిపోయాయి. ఈ పూట మిమ్మల్ని కుటుంబాలతో రమ్మన్నాం కాబట్టి, ఏ తీర్మానంలోనూ రాయని సంగతి ఒకటి చెప్పదలచాం. అది భయం. మిల్లులో మనం పడే భయం, సాయంత్రం మనతోపాటు ఇంటికి వచ్చే భయం.

కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే కథ మీలో చాలామంది వినే ఉంటారు. ఎప్పుడో ఒక ప్రభువు మన పిల్లను ఇమ్మన్నాడట. ఇవ్వలేక, ఎదిరించలేక, మనవాళ్లు రాత్రికి రాత్రి మూటలు కట్టుకుని దక్షిణానికి బయలుదేరారు. వెనక సైన్యం, ముందు నది. అప్పుడు గట్టు మీది కానుగ చెట్టు వంగి వంతెన అయిందట. కి. రాజనారాయణన్ గారు 1976లో తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' నవలలో ఉన్నదీ ఇలా పారిపోయి వచ్చిన తెలుగువాళ్లే.

చెట్టు వంగిందా లేదా అన్న వాదన మనకు వద్దు. ఆ రాత్రి భయపడనివాడు ఒక్కడూ ఉండడు. భయపడటం తప్పు కాదు. కానీ ఎవరి భయం వాళ్లు మూటలో దాచుకుని ఎవరి దారిన వాళ్లు నడిచి ఉంటే, ఈవేళ మనం ఈ ఊళ్లలో ఉండేవాళ్లం కాదు.

తరవాత మిల్లులు వచ్చాయి. కోయంబత్తూరులో 1888లో స్టేన్స్ మిల్లు, మదురైలో హార్వీ మిల్లు. 1930లలో పైకారా కరెంటు వచ్చాక కోయంబత్తూరు చుట్టూ వరుసగా మిల్లులు లేచాయి. మబ్బు చూసి పనికి పోయినవాళ్లం మిల్లు కూత విని లేవడం నేర్చుకున్నాం. యజమానుల్లో చాలామంది మన భాషే మాట్లాడేవారు. భాష ఒకటైనంత మాత్రాన కూలి పెరగలేదు, మేస్త్రి తిట్టు తగ్గలేదు. ఆ మాటకొస్తే, ఇంట్లో ఒకే తెలుగు మాట్లాడుకుంటూ ఒకే గ్లాసులో నీళ్లు తాగని కులాలవాళ్లం మనలోనే ఉన్నాం. పక్కవాణ్ణి చూసి జంకే మనిషి పైవాణ్ణి ఎట్లా నిలదీస్తాడు?

ఇక మా సంగతి. మేము రింగ్ ఫ్రేము మీద బదిలీగా చేరిన కొత్తలో ఒక మిల్లులో మాకు చార్జిషీటు ఇచ్చారు. వేస్టు ఎక్కువ పోయిందని రాశారు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాం. ఎవరితోనూ చెప్పలేదు. తెగిన పోగు అతకబోతే వేళ్లు వణికేవి, అతుకు నిలిచేది కాదు. వేస్టు ఇంకా పెరిగింది. ఇంటికి పోతే అన్నంలో ఉప్పు తక్కువైందని గిన్నె తోసేశాం. పెద్దవాడు పుస్తకం అడిగితే చెయ్యి ఎత్తాం. మేము గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలు మాటలు ఆపేసేవాళ్లు. మిల్లులో మేస్త్రి వస్తే మేము ఎట్లా నిలబడేవాళ్లమో, ఇంట్లో మమ్మల్ని చూసి పిల్లలు అట్లా నిలబడ్డారు. అది కళ్లారా చూసి కూడా మాకు అర్థం కాలేదు.

మూడో రోజు చొక్కా ఉతకబోయి మా ఆవిడ ఆ కాగితం చూసింది. తను చదవలేదు, పెద్దవాడి చేత చదివించుకుంది. ఏడుస్తుందనుకున్నాం. “ఈ కాగితానికి భయపడి మూడు దినాలు మమ్మల్ని భయపెట్టినారా? ముందే చెప్పి ఉంటే ఇద్దరం భయపడేవాళ్లం గదా, సగం సగం అయ్యేది,” అంది.

మరునాడు సంఘం ఆఫీసుకు పోయాం. నలుగురు కూర్చుని జవాబు రాసి ఇచ్చారు. ఎంక్వైరీలో మందలింపుతో పోయింది. ఉద్యోగం నిలిచింది. కానీ మేము నేర్చుకున్నది జవాబు రాయడం కాదు, ఆవిడ చెప్పిన లెక్క. సంఘం అంటే అదే లెక్క. ఒకడి భయాన్ని వందమంది పంచుకోవడం.

ఈ లెక్క కొత్తది కాదు. 1908లో తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికులు సమ్మె చేశారు. అదీ హార్వీలదే. వి.ఓ. చిదంబరం పిళ్లై, సుబ్రహ్మణ్య శివ వాళ్ల వెనక నిలిచారు. కూలి పెరిగింది, వారానికి ఒక సెలవు దొరికింది. ఆలోచించండి, ఆ సెలవు దేనికి? బిడ్డను చంకనెత్తుకోవడానికి, భార్యతో నాలుగు మాటలు మాట్లాడటానికి. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు మించి పని చేయించరాదంది. మిగిలిన గంటలు సంతోషంగా బతకడానికని మన పెద్దలు పోరాడి తెచ్చారు. ఆ గంటలను మనం కోపంతో, సారాతో, మౌనంతో పాడు చేసుకుంటే వాళ్ల పోరాటం సగమే గెలిచినట్టు.

1946 జనవరి 8న చిన్నియంపాళయం కార్మికులు నలుగురిని కోయంబత్తూరు సెంట్రల్ జైలులో ఉరితీశారు. రామయ్యన్, రంగణ్ణన్, వెంకటాచలం, చిన్నయ్యన్. వాళ్లకు భయం లేదని మేము అనం. వాళ్లూ తల్లి కన్న బిడ్డలే. తోటివాళ్ల మీద ప్రేమ భయం కన్నా పెద్దదయింది, అంతే. మనల్ని ఎవరూ ప్రాణం అడగడం లేదు. మూడు పనులు మాత్రం అడుగుతున్నాం.

మొదటిది, ఇంట్లో చెప్పండి. అప్పు సంగతి, మెమో సంగతి, దగ్గు సంగతి. సెలవు తరవాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేస్తుంటే అది పత్తి దుమ్ము జబ్బు కావచ్చు. ఉద్యోగం పోతుందని దాచకండి, డాక్టరుకు చూపించండి.

రెండోది, పక్క ఫ్రేము మీద కొత్తగా వచ్చిన మనిషిని పలకరించండి. ఈనాడు మన మిల్లుల్లో ఒడిశా, బీహార్ పిల్లలు ఉన్నారు. హాస్టళ్లలో ఉంచిన ఆడపిల్లలు ఉన్నారు. భాష రాదు, ఎవరూ తెలియదు. ఒకనాడు మన పెద్దలు ఈ నేల మీద అట్లానే నిలబడ్డారు. వాళ్ల కోసం కానుగ చెట్టు వంగింది గదా, ఇప్పుడు వంగవలసింది మనం. ఆడపిల్లలతో ఎవడైనా తప్పుగా నడిస్తే, పదిమంది పనిచేసే చోట ఫిర్యాదు కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. ఆ పిల్లకు ఆ మాట చెప్పండి. చెప్పి ఊరుకోకండి, తోడు వెళ్లండి.

మూడోది సంఘం నాయకులకు, అంటే మాకు. సభ్యుడు ఆఫీసు గుమ్మం దగ్గర జంకుతూ నిలబడితే, మేమూ మరో మేస్త్రి అయినట్టే. మాలో ఆ బుద్ధి కనిపిస్తే మొహం మీదే చెప్పండి.

మా పెద్దవాడికి ఇప్పుడు పిల్లలున్నారు. మొన్న మేము గుమ్మంలోకి వస్తే మనవరాలు పాట ఆపలేదు. ఇంకా గట్టిగా పాడింది. మేము సాధించిన ఒప్పందాల్లో అది కూడా ఒకటని మేము లెక్క వేసుకున్నాం. మీ ఇళ్లలోనూ మీరు వచ్చినప్పుడు పాట ఆగకుండా ఉండాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!