ఊరి వైఫైకి మన ఫర్మ్‌వేర్
(మడికొండలో రైతులు, యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సభలో రూటర్ ముచ్చట ఏమిటని మీకు అనిపించవచ్చు. ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి ధర తెలుసుకోవాలన్నా, భూమి రికార్డు చూసుకోవాలన్నా, బ్యాంకులో పైసలు పడ్డాయో లేదో తెలియాలన్నా ఇవాళ నెట్టు కావాలి. నీళ్లు, కరెంటు ఎవరి చేతిలో ఉన్నాయని అడిగే మనం నెట్టు గురించి కూడా అదే ప్రశ్న అడగాలి.

రూటర్ ఒక చిన్న కంప్యూటర్. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు ఫర్మ్‌వేర్. కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ ఒక ఇంటి అవసరాలకు తయారైంది. ఊరంతా కలిసి వాడుకునే నెట్‌వర్క్‌లో ఒక డాబా మీది రూటర్ పక్క డాబా రూటర్‌తో మాట్లాడాలి. ఒకటి ఆగిపోతే సమాచారం మరో దారి పట్టాలి. దీన్నే మెష్ అంటారు. చాలా చౌక రూటర్ల చిప్పుకు ఆ శక్తి ఉన్నా, కంపెనీ ఫర్మ్‌వేర్ ఆ వీలు ఇవ్వదు. కొన్నేళ్లకు అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి. పెట్టె బాగానే ఉంటుంది, భద్రత మాత్రం ఉండదు.

ఈ పెత్తనం మనకు కొత్త కాదు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా పోయిన తర్వాతే 450 గ్రాముల బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ ధర 1600 రూపాయల పైనుంచి 750కి దిగింది. ట్రాక్టర్ సాఫ్ట్‌వేర్‌కు కంపెనీలు తాళం వేస్తే అమెరికా రైతులు పోరాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. విత్తనమైనా, ట్రాక్టరైనా, రూటరైనా, కొన్న వస్తువు మీద కొన్నవాడికి ఎంత హక్కు ఉందన్నదే ప్రశ్న.

రూటర్ విషయంలో ఆ తాళం 2003లోనే కదిలింది. లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యుఆర్‌టి54జి రూటర్‌లో లినక్స్ వాడిందని ప్రోగ్రామర్లు కనిపెట్టారు. లినక్స్ లైసెన్సు ప్రకారం, దాన్ని తన సరుకులో పెట్టి అమ్మేవారు సోర్సు కోడ్ కూడా ఇవ్వాలి. ఒత్తిడి పెరిగాక కంపెనీ ఇచ్చింది. ఆ పునాది మీద 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి మొదలైంది. ఇవాళ వందల రకాల రూటర్లకు అది ఉచితంగా దొరుకుతుంది. అదే 2004లో స్పెయిన్‌లోని కాటలోనియాలో, కంపెనీలు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వని పల్లెల జనం సొంతంగా గిఫీ నెట్ కట్టుకున్నారు. అందులో ఇప్పుడు 30 వేలకు పైగా నోడ్లున్నాయి. మన దగ్గర చూస్తే, 2008లో జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళా రైతులు సంఘం రేడియో నడిపి చూపించారు. వారు చేసింది రేడియో, మనం అడిగేది వైఫై. గాలిలో పోయే తరంగం మీద ఊరికి హక్కుండాలన్న మాట మాత్రం ఒక్కటే.

ఇక పని సంగతి. ముందు రూటర్ ఎంచుకోవాలి. ఫ్లాష్ కనీసం 8 ఎంబీ, ర్యామ్ 64 ఎంబీ ఉండాలి. 16, 128 ఉంటే నయం. మోడల్ పేరు ఒకటే అయినా వెర్షన్ నంబరు మారితే లోపలి చిప్పు మారవచ్చు. అందుకే అడుగున ఉన్న చీటీ చదవకుండా కొనవద్దు. తర్వాత లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో సోర్సు కోడ్ దించుకొని, మన రూటర్ పేరు ఎంచి, అక్కరలేని ప్యాకేజీలు తీసేసి, బ్యాట్‌మ్యాన్ వంటి మెష్ ప్రోటోకాల్ చేర్చాలి. మన సెట్టింగుల ఫైళ్లు కూడా అందులోనే పెట్టి బిల్డ్ చేయాలి. మొదటిసారి గంటలు పడుతుంది. ఫలితంగా వచ్చే ఒక్క ఫైలును ఆ రకం రూటర్లన్నిటిలో ఎక్కించవచ్చు. తప్పు ఫైలు ఎక్కిస్తే రూటర్ మొరాయిస్తుంది. కాబట్టి తిరిగి బతికించే పద్ధతి నేర్చుకున్నాకే చేయి పెట్టాలి. లాగిన్ పేజీని మన భాషలో పెట్టుకునే వీలూ ఇందులో ఉంది. కాళోజీ పెరిగిన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

చట్టం కూడా తెలియాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగానికి 2018లో లైసెన్సు అవసరం తీసేశారు. కానీ పవర్‌కు పరిమితి ఉంది. ఫర్మ్‌వేర్‌లో దేశం కోడ్ ఇండియా అనే ఉండాలి. ఊరివారికి నెట్టు పంచాలంటే 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి ఒక దారి. అందులో చిన్న పంపిణీదారుకు లైసెన్సు అక్కరలేదు.

ఫర్మ్‌వేర్ అన్నీ చేయదు. మెట్టుగుట్ట అడ్డం వస్తే సిగ్నల్ దాన్ని దాటదు. బయటి నెట్టు లైను కొనక తప్పదు, దాని బిల్లు కలిసి కట్టక తప్పదు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, విద్య ఒక్కరి దగ్గరే ఉండటం. ఆ పిల్లవాడు ఉద్యోగానికి హైదరాబాద్ పోతే నెట్‌వర్క్ ఆగిపోతుంది. అప్పుడు కంపెనీ పెత్తనం పోయి ఒక మనిషి మీద ఆధారపడటం వస్తుంది.

అందుకే మేము మీ ముందు మూడు పనులు పెడుతున్నాం. ఊరికి ముగ్గురు, అందులో ఒక్క ఆడబిడ్డయినా, ఈ పని నేర్వాలి. సెట్టింగులు, పాస్‌వర్డులు సంఘం రిజిస్టర్‌లో రాసి భద్రపరచాలి. ముందు రెండు పాత రూటర్లతో రెండు డాబాల మధ్య ప్రయత్నించాలి. ఆ తర్వాతే చందా అడగాలి. మడికొండకు ఐటీ పార్కు వచ్చింది. ఆ విద్య పార్కు గోడ దాటి మన వాకిట్లోకి రావాలి. విత్తనం దాచుకోవడం తెలిసిన రైతుకు ఇది అందని విద్యేమీ కాదు.