తంగేడు పెంచుదాం, కసివిందను గుర్తుపడదాం



పోర్టు పనికనీ, స్టీలు ప్లాంటు పనికనీ ఊళ్లు విడిచి విశాఖ వచ్చినవాళ్లం మనలో చాలామందిమి. చోటు దొరక్క కొండవాలులో ఇళ్లు కట్టుకున్నాం. వాన పడితే పైనుంచి ఎర్రమట్టి జారి గుమ్మంలోకి వస్తుంది. అందుకే ఈరోజు తంగేడు గురించి చెబుతాను.

తంగేడు మీకు తెలియని చెట్టా? పచ్చటి పూలు గుత్తులుగా పూస్తుంది. తెలంగాణ ఆడపడుచులు బతుకమ్మలో పేర్చేది ఈ పువ్వునే. 2014లో ఆ రాష్ట్రం దీన్ని తన పువ్వుగా ప్రకటించింది. చిక్కుడు, కంది, చింత ఎలాగో ఇదీ అలాగే కాయలు కాసే కుటుంబంలోది. పూర్వం దీని బెరడుతో తోళ్లు పదును చేసేవారు. రొట్టను పొలంలో తొక్కి ఎరువు చేసేవారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎంత పెద్ద చెట్లు కూలాయో చూశాం కదా. తంగేడు పొట్టి పొద. ఇంటి మీద పడుతుందన్న భయం లేదు. రాతినేలలో బతుకుతుంది. నీళ్లు పెద్దగా అడగదు. పశువులు కూడా అంతగా ముట్టవు. వాలుకు అడ్డంగా వరసగా వేస్తే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. అయితే కొండే విరిగి పడేచోట పొద ఏం ఆపుతుంది? అక్కడ గోడ కావాలి.

ఎండిన కాయల్లోంచి గింజలు తియ్యండి. గింజ పైపొర చాలా గట్టి. అలాగే పాతితే ఎన్నాళ్లకో గాని మొలవదు. నీళ్లు మరగకాచి, పొయ్యి మీంచి దించి, అందులో గింజలు వెయ్యండి. రాత్రంతా నాననివ్వండి. ఉబ్బిన గింజల్ని పాలపాకెట్లలో పెట్టండి. పాకెట్టు అడుగున చిల్లులు పొడవటం మరవకండి. మట్టిలో కొంచెం పేడ ఎరువు కలిపితే చాలు. మొక్క జానెడు ఎదిగాక, వానలు మొదలవగానే నాటండి.

ఇక అసలు జాగ్రత్త. కసివింద అనే మొక్క కూడా పచ్చగానే పూస్తుంది. దాని గింజలు విషం. 2016లో మన పక్కనున్న ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో ఎందరో పిల్లలు చనిపోయారు. మెదడువాపుతో పాటు ఈ గింజల విషం కూడా కారణమని వైద్య నిపుణులు చెప్పారు. పిల్లలు చిక్కుడు గింజల్లా ఒలుచుకుని తింటారు, వాళ్లకేం తెలుసు!

తేడా ఇలా చూడండి. తంగేడు ఆకు ఈనెకు చిన్న చిన్న రెబ్బలు ఎక్కువ జతలుంటాయి. ఈనె మొదట్లో చెవి ఆకారంలో రెండు చిన్న ఆకులు అంటుకుని ఉంటాయి. కాయ పలచగా, కాగితంలా ఉంటుంది. కసివిందకు నాలుగైదు జతలే, పెద్ద రెబ్బలు, కొస మొన తేలి ఉంటుంది. నలిపితే కంపు. ఇంటి చుట్టూ కనిపిస్తే కాయ కట్టకముందే వేళ్లతో పీకెయ్యండి. పిల్లలు తిన్నారని అనుమానం వస్తే ఆసుపత్రికి పరుగెత్తండి. మిగిలిన కాయ ఉంటే డాక్టరుకు చూపండి.

ఇంకొక మాట. తంగేడు పూల కషాయం తాగితే షుగరు తగ్గుతుందని కొందరంటారు. దాన్ని నమ్మి మాత్రలు మానకండి.

రేపు వచ్చేటప్పుడు ఖాళీ పాలపాకెట్లు కడిగి తెండి. గింజలు నేను తెస్తాను.