కొయ్య ఓడ – కొలబద్ద

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



ఈ రజతోత్సవ సందర్భమున ఏదేని పురాణమును గూర్చియో, ప్రబంధమును గూర్చియో మాట్లాడుమని మిత్రులు కొందరు నన్ను కోరిరి. గ్రామపు లెక్కలు వ్రాసి జీవించుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయములోని పొత్తములనే గురువులుగా జేసికొని నాలుగు పద్యములు నేర్చినవాడనే గాని నేను పండితుడను గాను. పండితులు చెప్పవలసినవి వారికే విడిచి, నాకు చేతిపనిగా తెలిసిన విషయము నొకదానిని మనవి చేయుదును. అది కొయ్యతో నమూనా ఓడలను నిర్మించుట.

యాబది దాటినవానికి ఈ బొమ్మలాట యేమని కొందరు నవ్వుకొనుట నెరుగుదును. నవ్వవచ్చును. అయితే బొమ్మకును నమూనాకును భేదము కలదు. బొమ్మ ఓడవలె కనబడిన చాలును. నమూనా అట్లు గాదు. అసలు ఓడ ఎంత పొడవో, ఎంత వెడల్పో, ఎక్కడ ఎంత వంపు తిరిగినదో అంతయు నిక్కముగా చెప్పవలెను. బొమ్మకు కన్ను సాక్షి. నమూనాకు కొలబద్ద సాక్షి. ఈ భేదమును మనసున నుంచుకొనుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.

ఈ పని నేటిది గాదు. 1922లో ఈజిప్టు దేశమున టుటంఖామన్ అను యువరాజు గాక రాజుగానే మరణించిన బాలుని సమాధి బయల్పడగా, అందు 35 చిన్న ఓడలు కనబడినవి. పరలోక యాత్రకు అవి అక్కరకు వచ్చునని ఆనాటివారి విశ్వాసము. అటుపై మూడువేల యేండ్లకు, నెపోలియను కాలపు యుద్ధములలో ఇంగ్లండునకు చిక్కిన ఫ్రెంచి ఖైదీలు భోజనమున వచ్చిన మాంసపు టెముకలను దాచి, శుభ్రము చేసి, వానితో యుద్ధనౌకల నమూనాలను చెక్కిరి. 1797లో నార్మన్ క్రాస్ అనుచోట తెరచిన ఖైదీల శిబిరమున చేసిన ఇట్టి వస్తువులు పీటర్‌బరో పట్టణపు ప్రదర్శనశాలలో నేటికిని కలవు. సకల భోగములు గల రాజునకును, ఎముక ముక్క తప్ప మరేమియు లేని ఖైదీకిని చిన్న ఓడ అక్కరపడినది.

అయితే నమూనా యను మాటకు సంపూర్ణార్థము కల్పించినవారు పదునేడవ శతాబ్దినాటి ఆంగ్ల నౌకాశాఖ పనివారు. అసలు ఓడలోని ఒక అడుగునకు నమూనాలో పావు అంగుళము చొప్పున, అనగా 48వ వంతుగా, వారు ఓడలను చేసిరి. అడుగు భాగమున పలకలు తొడుగక, లోపలి పక్కటెముకలు కనబడునట్లు విడిచిరి. పై రంగు చూచి మురిసిపోక, కట్టడము చూచి తెలిసికొనుటకే ఆ యేర్పాటు. ఆనాటి ఓడలు యుద్ధములలో మునిగియో, శిథిలమై విప్పబడియో పోయినవి. వాని నమూనాలు మాత్రము గ్రీనిచ్ నౌకా ప్రదర్శనశాలలో నిలిచి, లేని ఓడలకు సాక్ష్యము చెప్పుచున్నవి.

ఈ 48వ వంతు లెక్క బాలబాలికలకు చెప్పదగినది. ట్రఫాల్గర్ యుద్ధమున 1805లో నెల్సను సేనాని నడపిన విక్టరీ యను ఓడ 1765లో నీట దిగినది. నేడు పోర్ట్స్‌మత్ రేవున భద్రముగా నున్నది. దాని ఫిరంగుల అంతస్తు పొడవు 186 అడుగులు. నమూనాలో అది నలుబదియారున్నర అంగుళములగును. అయిదున్నర అడుగుల మనిషి అంగుళమున్నరకు లోపుగా నిలుచును. నమూనాలో అంగుళమున పదునారవ వంతు తేడా వచ్చినచో, అసలు ఓడలో అది మూడు అంగుళముల తేడా. పొడవు 48వ వంతైనను ఘనపరిమాణము 48వ వంతు గాదు. నలుబదియెనిమిదిని మూడుమారులు గుణించిన 1,10,592వ వంతు. ఇది పలకమీద చేసిన లెక్కగా బాలునకు విసుగు పుట్టించును. అదే లెక్క చేతిలో ఓడయై రూపుదాల్చినపుడు వానికి నిద్ర పట్టనీయదు.

ఇక పని విధానము. ముందుగా ఓడ పటములు మూడు కావలెను: ప్రక్కనుండి చూచినది, పైనుండి చూచినది, అడ్డముగా కోసి చూచినది. మన గ్రంథాలయ కార్యదర్శిగారు జిల్లా గ్రంథాలయమునుండి తెప్పించి యిచ్చిన యొక ఆంగ్ల గ్రంథములోని పటములే నాకు ఆధారములైనవి. ఆ ఉపకారమును ఈ సభాముఖమున చెప్పుకొనుట నా విధి.

పటముల తరువాత కొయ్య. నిజమైన ఓడలకు టేకు శ్రేష్ఠము, నమూనాకు తగదు. ఓడను చిన్నది చేయగలము గాని కొయ్యలోని యీనెలను చిన్నవి చేయలేము గదా. 48వ వంతు ఓడపై టేకు యీనె కాలువ గట్టువలె కనబడును. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్ల పొణికి చెక్కుటకు మెత్తనిదే గాని సన్నని పక్కటెముకలకు దాని బలము చాలదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడు అంకుడు కర్ర తెల్లగా, నున్నగా, యీనె కనబడకుండ నుండుటచే ఈ పనికి చక్కగా ఒదుగును.

మొదట అడుగు దూలము నిలిపి, దానికి ముందు కొయ్యను, వెనుక కొయ్యను చేర్చి, పక్కటెముకలను వరుసగా నిలుపవలెను. పలకలను వేడినీట నానవేసి, మెల్లగా వంచి, ఆరువరకు కట్టియుంచి, పిమ్మట అతుకవలెను. వెదురును సూదివలె చీల్చిన పుల్లలే కొయ్య మేకులు. ఇందొక నియమము కలదు. ఎడమ ప్రక్కన ఒక పలక వేసినంతనే కుడి ప్రక్కన దాని జత పలకను వేయవలెను. ఒక ప్రక్కనే వేసికొనుచు పోయినచో ఆరిన పలకల బిగువునకు అడుగు దూలమే వంకర తిరుగును. లెక్కలు వ్రాయువానికి ఈ నియమము కొత్తది గాదు. జమ యొకచో వ్రాసి ఖర్చు మరచిన పద్దు పుస్తకము గతియు నంతియే.

కొలతయొక్క విలువ తెలియుటకు స్వీడను దేశపు వాసా ఓడ కథను మించినది లేదు. రాజాజ్ఞచే రెండు అంతస్తుల ఫిరంగులతో, 64 ఫిరంగుల బరువుతో కట్టిన ఆ ఓడ 1628 ఆగస్టు 10న స్టాక్‌హోము రేవున బయలుదేరినది. సుమారు 1300 మీటర్లు పోవునప్పటికి గాలికి ఒరిగి, ఫిరంగుల కిటికీలలోనికి నీరు చొరబడి మునిగినది. పైభాగపు బరువు అడుగు భాగము మోయదగినదానికంటె హెచ్చగుటయే కారణము. బయలుదేరుటకు పూర్వమే ముప్పదిమందిని ఆ అంచునుండి ఈ అంచునకు పరుగెత్తించి పరీక్షింపగా, ఓడ ఊగిన ఊపునకు భయపడి మూడవ పరుగుతోనే ఆపించిరి. అయినను ప్రయాణము మాన్పించినవారు లేరు. కూడిక కుదరలేదని తెలిసియు క్రింద సంతకము చేసినట్లయినది.

ఆ ఓడను 1961లో పైకెత్తిరి. అందు పనివారి కొలబద్దలు నాలుగు దొరకినవి. రెండింట అడుగునకు పండ్రెండు అంగుళముల స్వీడను కొలత. తక్కిన రెండింట అడుగునకు పదునొకండు అంగుళముల ఆంస్టర్‌డాము కొలత! ఓడ రెండు ప్రక్కలును సరిసమానముగా లేవనియు కొలిచి కనుగొనిరి. నేడు స్టాక్‌హోములో ఆ ఓడప్రక్కనే పదవ వంతు నమూనా నిలిపియున్నారు. అసలు ఓడ నల్లబారిన కొయ్యగా కనబడుచుండగా, ఆనాడు తెరచాపలతో, రంగులతో అది ఎట్లుండెనో నమూనా చూపుచున్నది.

సముద్రముతో పనిలేని మనకు ఇదంతయు ఏల యని అడుగవచ్చును. నౌకాయానము తెలియని యొక ఉద్యోగి కథ చెప్పుదును. శామ్యూల్ పీప్స్ అనునతడు 1660లో ఆంగ్ల నౌకా కార్యాలయమున వ్రాతకోతల ఉద్యోగమున చేరెను. కేంబ్రిడ్జిలో చదివినవాడే గాని గుణకారపు ఎక్కములు రావు! 1662 జూలైలో, ఇరువదితొమ్మిదవ యేట, ఓడపై పనిచేసిన యొక నావికుని గురువుగా పెట్టుకొని, తెల్లవారుజామున లేచి ఎక్కములు వల్లించెను. ఓడ భాగములను ఆ గురువునొద్దనే నమూనాను ముందుంచుకొని నేర్చెను. మరుసటి నెలలోనే ఓడలు కట్టునొక నేర్పరి వెంట అడవికి పోయి, దుంగల కొలతలో రాజుగారి ఖజానాకు ఎట్లు మోసము జరుగుచున్నదో తెలిసికొనెను. కాలక్రమమున నౌకాశాఖకు ప్రధాన కార్యదర్శి యయ్యెను. మన సభకు తగిన మాట యింకొకటి: అతడు కూర్చిన మూడువేల గ్రంథముల భాండారము, ఒక్కటి చేర్పక, ఒక్కటి తీయక, నేటికిని కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలలో నున్నది. లెక్క, నమూనా, పుస్తకము – ఈ మూడును ఒక గుమాస్తాను ఎంతవానిని చేసెనో చూడుడు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వత్తును. ఆంధ్రులు ఓడ నెరుగనివారు గారు. రెండవ శతాబ్దినాటి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ కలదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున శాసనము వేయించి, ఓడ పగిలిన వర్తకుల సొమ్ము సుంకము మినహా వారికే దక్కునని అభయమిచ్చెను. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి యను సముద్ర వర్తకునకు అంకితము చేసెను. గోదావరి సంగమమునొద్ద కోరంగి ఓడలు కట్టుటలో ఎంత పేరుగాంచెననగా, బర్మాలో తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చినది. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు, నది మేటవేసిన ఒండ్రు ఆ రేవును క్షీణింపజేసినవి.

ఇంత కీర్తి యుండియు, ఆ ఓడల నొకదానిని మరల కట్టుమన్నచో మనకు ఆధారమేది? నాణెముపైనున్న ఓడ బొటనవ్రేలి గోరంత. శాసనము సుంకపు లెక్క చెప్పును. భోజుని పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువున ఓడల పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పబడినవి. కాని అయ్యా, మూడు కొలతలతో పెట్టె చేయగలము, ఓడ చేయలేము. ఓడ యనగా వంపు. ఆ వంపు కట్టినవాని చేతిలో నుండెను. ఆ చేతితోనే కాటికి పోయినది. ఏరు దాటినదాక ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య యను సామెత మనము ఓడకే వర్తింపజేసితిమి.

ఈ సంగతి పురాతనమని ఊరడిల్లుటకు వీలులేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఏర్పడిన కాలువలలో ధాన్యపు పడవలు మన తండ్రుల కాలమువరకు నడిచినవి. వానిలో నొకటి మన లాకు దిగువ గట్టుమీద ఒరిగియున్నది. మీరందరు చూచుచున్నదే, పిల్లలు దానిపై దాగుడుమూతలాడుదురు. ఒక ప్రక్క చెద పట్టినది. అట్టి పడవలు యౌవనమున స్వయముగా కట్టిన మేస్త్రిగారు ఈ సభలో ముందు వరుసనే కూర్చొనియున్నారు. వారికి ఎనుబదేండ్లు దాటినవి. పక్కటెముక వంపునకు కొలత యేమని నేనొకమారు అడుగగా, "కొలతేముందండి పంతులుగారూ, కంటికి తెలుస్తుంది" అనిరి. ఆ కన్ను మన ఊరి ఆస్తి. అది ఏ దస్తావేజులోను ఎక్కలేదు.

కావున కార్యవర్గమువారికి నా మనవి యిది. వర్షములు వచ్చులోపల, మేస్త్రిగారి కనుసన్నలలో, ఆ పాత పడవను అడుగడుగునకు కొలిచి యొక పుస్తకమున ఎక్కింతము. అడుగునకు అంగుళము చొప్పున పండ్రెండవ వంతు నమూనాను అంకుడు కర్రతో నిర్మింతము. ఒక ప్రక్క పలకలు తొడిగి, రెండవ ప్రక్క పక్కటెముకలు కనబడునట్లు విడుతము. కొలతల పుస్తకమును, నమూనాను ఈ గ్రంథాలయములోనే యొక గాజు బీరువాలో నుంతము. ఎక్కములు వచ్చిన పిల్లలు ఆరుగురు చాలుదురు, పనిముట్లు నావి, ఆదివారములు నావి. గ్రంథాలయమున కొయ్య పడవకు చోటేమని ఎవరైన అడిగినచో, అదియు నొక గ్రంథమే యని నా సమాధానము. మేస్త్రిగారు అక్షరము వ్రాయకయే రచించిన గ్రంథమది. దానికి ప్రతి తీసి యుంచుట మన పని.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనవలెనని, ఆనాటి సభలోని బాలురు ఆ పడవను చూచి దాని కొలతలు చెప్పగలుగవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.