ఊపిరి ముందొస్తుంది, ఎముక వెనకొస్తుంది

(కీసరలో జరిగిన మన సంఘం యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

హాస్టల్ వార్డెన్ మైకు పట్టుకుంటే చదువు గురించే చెబుతుందని మీరు అనుకుని ఉంటారు. అది రోజూ చెబుతూనే ఉన్నాం. ఈ రోజు పరుగు గురించి, దెబ్బ తగిలాక మళ్లీ పరుగులోకి రావడం గురించి చెబుతాం.

తెల్లవారకముందే రింగు రోడ్డు పక్కన, కీసరగుట్ట దారిలో పరుగెత్తేవాళ్లలో మన పిల్లలు చాలామంది ఉన్నారు. కొందరు పోటీల కోసం, ఎక్కువమంది పోలీసు ఉద్యోగం కోసం. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. ఒక్కో ఇంటి ఆశంతా ఆ సెకన్ల మీదే ఉంటుంది. అందుకే కాలు నొప్పి పెడితే మన పిల్లలు చెప్పరు, దాచుకుంటారు. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో అని భయం.

దాచినా మాకు తెలిసిపోతుంది. పరుగులో కాదు, మెట్లు దిగేటప్పుడు. గోడ పట్టుకుని, ఒక పాదం అడ్డంగా పెట్టి దిగుతుంటే పిలిచి అడుగుతాం. "ఏం లేదు మేడం, కండ పట్టింది" అంటారు. బట్ట పైకి లాగితే క్రేప్ బ్యాండేజీ కనిపిస్తుంది.

అలాంటి పిల్లలకు మేము గోపీచంద్ గారి సంగతి చెబుతాం. మన కీసర మీదుగా పోయే ఈ రింగు రోడ్డే గచ్చిబౌలికీ పోతుంది. అక్కడే ఆయన అకాడమీ ఉంది. 1994లో పుణెలో జాతీయ క్రీడలు జరిగాయి. డబుల్స్ మ్యాచ్‌లో సాటి ఆటగాడితో ఢీకొని ఆయన మోకాలి లిగమెంటు తెగింది. తొడ ఎముకను కింది కాలి ఎముకతో కట్టి ఉంచే తాడు అది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. అంటే మీలో చాలామంది వయసు. ఆ తర్వాత ఆ మోకాలికి ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి. 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2000 దాకా వరుసగా ఐదేళ్లు ఆ పట్టు వదల్లేదు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఆయనే.

ఈ కథలో అందరూ 2001ని గుర్తుపెట్టుకుంటారు. మీరు 1994కూ 1996కూ మధ్య ఉన్న కాలాన్ని గుర్తుపెట్టుకోండి. చప్పట్లు లేని కాలం అది. ఆట బతికింది ఆ కాలంలోనే.

ఇప్పుడు అసలు మాట. విశ్రాంతి తీసుకుని మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఊపిరి కొన్ని వారాల్లోనే తిరిగొస్తుంది. కండ కూడా త్వరగానే కోలుకుంటుంది. ఎముకకు, లిగమెంటుకు మాత్రం నెలలు కావాలి. లిగమెంటు ఆపరేషన్ అయ్యాక ఆటలోకి రావడానికి తొమ్మిది నెలలైనా ఆగమని వైద్యులు చెబుతారు. కాబట్టి "నాకు బాగానే ఉంది" అనిపించే రోజులే ఎక్కువ ప్రమాదం. ఊపిరి పరుగెత్తమంటుంది, ఎముక ఇంకా సిద్ధం కాలేదు.

గట్టి రోడ్డు మీద రోజూ పరుగెత్తితే ఎముకలో కంటికి కనిపించని చీలికలు వస్తాయి. విశ్రాంతిలో శరీరమే వాటిని పూడ్చుకుంటుంది. పూడ్చుకునే సమయం ఇవ్వకపోతే చీలిక పెరుగుతుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కాలి ఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి, పరుగెత్తే కొద్దీ ఎక్కువయ్యే నొప్పి ఉంటే అనుమానించాలి. మొదటి ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లాలి. మన పెద్దల కట్టు మీద మాకు గౌరవముంది. కానీ లోపల ఏం జరిగిందో తెలియకుండా కట్టు వేయొద్దు, కాలు గట్టిగా తోమించొద్దు. గాంధీలో, నిమ్స్‌లో ఎముకల డాక్టర్లున్నారు.

చెల్లెళ్లకు ఒక మాట, సిగ్గుపడకుండా వినండి. బరువు తగ్గాలని తిండి తగ్గించి పరుగు పెంచితే నెలసరి ఆగిపోవచ్చు. నెలసరి ఆగితే ఎముక బలం తగ్గుతుంది. ఇది దాచే విషయం కాదు. అమ్మకో, మాకో చెప్పండి.

"మరి జోన్ బెనాయిట్ 17 రోజుల్లోనే వచ్చింది కదా మేడం" అని పేపర్లు చదివే పిల్లలు అడుగుతారు. నిజమే. 1984లో ఆ అమెరికా రన్నర్ మోకాలి ఆపరేషన్ అయిన 17 రోజులకే ఒలింపిక్ ఎంపిక మారథాన్ గెలిచింది. ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో మహిళల తొలి ఒలింపిక్ మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. కానీ ఆమెకు లిగమెంటు తెగలేదు, ఎముక విరగలేదు. లోపల అడ్డుపడుతున్న పొరను చిన్న రంధ్రం చేసి తీశారు. అయినా తొందరలో రెండో కాలి తొడ వెనక కండరం పట్టేసింది. ఆమె దెబ్బ వేరు, మీ దెబ్బ వేరు. పక్కవాళ్ల క్యాలెండర్ చూసి మీ కాలిని నడపకండి.

తిరిగొచ్చిన రోజే గెలవాలన్న పట్టుదల కూడా వద్దు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సింధు ఎడమ చీలమండ నొప్పితోనే స్వర్ణం గెలిచింది. తర్వాత స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుంది. 2023 జనవరిలో మలేషియాలో మళ్లీ కోర్టులోకి దిగి తొలి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. అప్పటికే రెండు ఒలింపిక్ పతకాలున్న అమ్మాయి! ఓడిపోయి మళ్లీ ఆడింది. మనకూ మొదటి పోటీలో టైమింగ్ రాకపోతే అది ముగింపు కాదు.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ముందు నొప్పి లేకుండా నడవండి. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. వారానికి పదో వంతుకు మించి దూరం పెంచకండి. తారు రోడ్డు వదిలి మట్టి నేల చూసుకోండి. నొప్పి వస్తే ఆ రోజుకు ఆపండి. ఆపడం కూడా సాధనే.

తల్లిదండ్రులకు, సంఘం పెద్దలకు ఒక విన్నపం. పిల్ల పరుగు ఆపి ఇంట్లో కూర్చుంటే "ఇక నీ పని అయిపోయింది, పెళ్లి చేసేద్దాం" అనకండి. ఆ మాటకు భయపడే పిల్లలు నొప్పి దాస్తున్నారు. ఆరు నెలలు ఓపిక పట్టండి. నోటిఫికేషన్ మళ్లీ వస్తుంది, విరిగిన కాలుతో దాన్ని అందుకోలేం.

పిల్లలూ, మన తాతలు కొండలు, అడవులు కాలినడకన దాటినవాళ్లు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కూర్చోవాలో వాళ్లకు తెలుసు. ఆ తెలివి కూడా మనకు వారసత్వమే. నొప్పి వచ్చిన రోజే చెప్పండి, మేము మీ పక్కన ఉంటాం.