శ్లీపదవ్యాధి - మన బాధ్యత



బోదకాలును గూర్చి ఈ సభలో ప్రసంగించుట కొందరికి వింతగా దోచవచ్చును. వైద్యులు చెప్పవలసినది బడిపంతులు చెప్పనేల యందురేమో. ఈ వ్యాధిలో వైద్యునికి జెందిన భాగము స్వల్పము, మనకు జెందినదే యధికమని మా యభిప్రాయము.

సంస్కృతమున దీనికి శ్లీపదమని పేరు. నిలువనీరు మెండుగా గల దేశములందే ఇది విశేషముగా బుట్టునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. దోమ మాట అందు లేదు గాని చోటు సరిగనే గుర్తింపబడినది. మురుగునీట బెరుగు క్యూలెక్సు దోమ యొకరి రక్తములోని సూక్ష్మక్రిములను వేరొకరికి జేర్చును. మురుగు పోవు దారిలేని పల్లపు పేటలే దానికి నెలవులు. అందుండువారు పల్లమును గోరి యెన్నుకొన్నవారు కారు.

మందు లేకపోలేదు. నేడు డీ.ఈ.సీ. మాత్ర యని పిలుచు ఔషధమును 1947లో వెలువరించిన అమెరికా పరిశోధకబృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ గోదావరిసీమయే బోదకాలునకు పేరుపడినది! 2004లో ప్రభుత్వమువారు వ్యాధిగల జిల్లాలలో ఏటికొకసారి ఈ మాత్రలను ఉచితముగా బంచ మొదలిడిరి. పుచ్చుకొన్నవారిలో ననేకులు వానిని గూటిలో బెట్టి మరచిరి. క్రిములు రక్తముననున్నను ఏండ్ల తరబడి కాలు వాయకుండుట కలదు, కావున "మాకేల?" యని వారి ప్రశ్న. క్రిములు రాత్రివేళ రక్తమున సంచరించును గనుక పరీక్షకులును రాత్రియే రావలెను. పగలెల్ల కూలిచేసి పరుండినవానిని లేపి వ్రేలు పొడిచినచో వాడు విసుగుకొనుట తప్పా?

ముదిరిన వాపు మాత్రలతో దీయదు. దినదినము సబ్బుతో గడిగి, తుడిచి, ఆరబెట్టుకొన్నచో మాటిమాటికి వచ్చు జ్వరములు తగ్గును. వీధికుళాయి నుండి నీళ్లు మోయు స్త్రీకి, మరుగులేని యింట, అందుకు తీరిక యెక్కడిది? చాటెక్కడిది?

ఆమె కాలు దాచుకొనుటకు మనమే కారణము. ఈ ప్రాంగణముననే వధూవరుల పట్టికలు చూచుచున్నాము. తల్లికి బోదకాలున్నదని కూతురి సంబంధము తప్పించుట మనలో నపూర్వము కాదు. ఇది వంశమున వచ్చునది కాదు, ముట్టుకొన్న నంటునది కాదు. అయినను వాపు కనబడగనే వైద్యునికి జూపవలసినవారు పెండ్లియగువరకు దాచుదురు. పురుషుల వరిబీజము మరియు గుప్తము. శస్త్రచికిత్సతో నయమగుదానిని పంచెమాటున మోయుచు నుందురు.

రేపటి తీర్మానములలో కల్యాణమంటపము, విద్యార్థివసతిగృహము గలవు. ఆ వసతిగృహము వెనుక మురుగుగుంట పూడ్పించుటకును, మాత్రలు పంచు దినమున మన పెద్దలే నడివీధిలో నందరి యెదుట ముందుగా మ్రింగుటకును ఒక తీర్మానము చేర్పుడని కార్యదర్శిగారికి వ్రాసి యిచ్చితిమి.